కూతురే దుబాసీ

హాలెండ్ పిల్ల ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి బురుల్ ప్రాణం కుదురుగా లేదు. పిల్ల చెడ్డదని కాదు. ఈ ఊరి ఈదురుగాలిని లెక్కచేయకుండా తడి జుట్టు విరబోసుకుని కిటికీ పక్కన కూర్చుంటుంది. చల్లటి సిమెంటు మెట్ల మీద చతికిలబడి పుస్తకం చదువుతుంది. సరస్సులో ఛాతీలోతు దాకా నడిచిపోయి అక్కడి నుంచి చేయి ఊపుతుంది. కన్నతల్లి ఎక్కడో కూర్చుని నమ్మి పంపించింది, రేపు ఏదన్నా అయితే ఆ తల్లికి ఏమని జవాబు చెప్పాలి? వచ్చిన రోజునే బురుల్ దిష్టి తగలకుండా దేవదారు కొమ్మ కాల్చి పిల్ల చుట్టూ మూడుసార్లు పొగ తిప్పింది. పిల్ల దగ్గుకుంటూనే నవ్వి, ఆ పొగ పేరేమిటో పుస్తకంలో రాసుకుంది.

ఆ పిల్ల పేరు ఫెమ్కె. రాజధాని బిష్కెక్‌లో జరిగే వేసవి కోర్సుకు తొమ్మిది దేశాల నుంచి వచ్చిన పన్నెండు మందిలో ఒకతె. సోవియట్ దేశం పోయాక ఇక్కడి మనుషుల బతుకులు ఎలా మారాయో తెలుసుకోవడం వాళ్ళ చదువట. పదిరోజులు బిష్కెక్‌లో పాఠాలు విని, వారం రోజులకని సరస్సు ఒడ్డునున్న ఈ బాలిక్‌చీ ఊరికి వచ్చి ఇంటికొకరు చొప్పున దిగారు.

"దానికి అంత దూరం నుంచి రావాలా? నన్నడిగితే గుమ్మంలో నిలబెట్టే చెప్పేదాన్ని. చేపల ఫ్యాక్టరీ మూసేశారు, మగాళ్ళు రష్యా పోయారు, మనం మిగిలాం. అయిపోయింది చదువు," అని పక్కింటి సోనున్ నవ్వేది. రోజూ పొద్దున్నే గోడ మీదుగా తల పెట్టి, "మీ గూఢచారి లేచిందా?" అని అడిగేది. సోనున్‌కు అది వేళాకోళం. బురుల్ మాత్రం చుట్టూ ఒకసారి చూసుకుని, "నెమ్మదిగా అనవే," అనేది.

ఇంత భయపడే మనిషి ఫెమ్కెను ఇంట్లో పెట్టుకోవడానికి ఒకటే కారణం. ఆ కోర్సులో దుబాసీగా పనిచేస్తున్నది బురుల్ కూతురు మేరిమ్. విద్యార్థి ఈ ఇంట్లో దిగితే దుబాసీ కూడా వారం రోజులూ ఈ ఇంట్లోనే ఉంటుంది. ముసలితనంలో ఈ ఇంటికే వచ్చి ఉన్న నానమ్మ పోయిన చలికాలంలో చనిపోయాక మేరిమ్ ఇంటికి రావడం బాగా తగ్గిపోయింది. ఆరునెలల్లో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

మేరిమ్ కన్నతల్లిని "అక్కా" అని పిలుస్తుంది. నానమ్మను "అమ్మా" అని పిలిచేది. ఈ వైపు అది వింతేమీ కాదు. తొలిచూలు బిడ్డను నానమ్మ తాతలు తీసుకుని పెంచుకోవడం పాత ఆచారం. అలా పెరిగిన పిల్లలకు నానమ్మే అమ్మ, కన్నతల్లి అక్క. ఇవ్వడం ఒక గౌరవం, తీసుకోవడం ఒక గౌరవం. తనను నానమ్మ ఏరికోరి తీసుకుందని మేరిమ్ చిన్నప్పటి నుంచీ గొప్పగా చెప్పుకునేది.

కానీ మేరిమ్‌ను ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ కోరి తీసుకోలేదు. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో అత్త పోయింది. మిగిలిన ఒక్కరూ బురుల్. తెలిస్తే పిల్ల మనసు విరిగిపోతుంది, ఆ 'అక్కా' అన్న పిలుపు కూడా దక్కకుండా పోతుంది అని పదిహేనేళ్ళుగా ఆమె నోరు కట్టుకుని బతుకుతోంది.

అయిదో రోజు మధ్యాహ్నం ఫెమ్కె అగ్గిపెట్టెంత రికార్డరు తెచ్చి బల్ల మీద, బోర్సోకుల పళ్ళెం పక్కన పెట్టింది. వేడి నూనెలోంచి అప్పుడే తీసిన ఉబ్బిన పిండిముక్కలు, పక్కన మీగడ, నల్ల ద్రాక్ష జాము. రికార్డరు మీద ఎర్ర దీపం వెలిగేసరికి బురుల్ చేతులు ఒడిలోకి లాక్కుంది.

"అది ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదక్కా. తను విని రాసుకుంటుంది," అంది మేరిమ్.

"రాసుకున్నది ఎక్కడికి పోతుంది?"

"వాళ్ళ కాలేజీకి."

"ఆ తర్వాత?"

"బీరువాలోకి. అక్కడ దుమ్ము పట్టిపోతుంది. చాలా?" అని మేరిమ్ నవ్వి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇదిగో చూడు, నువ్వేమంటే అది ఉన్నదున్నట్టు చెప్పాలి నేను. ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క మింగకూడదు. మింగితే దొంగతనం చేసినట్టేనని మా మేష్టారు మొదటిరోజే చెప్పాడు. అందుకని మధ్యలో నాతో కబుర్లు పెట్టకు. ఫెమ్కెను చూసి మాట్లాడు."

"భాష రాని పిల్ల మొహం చూస్తూ ఏం మాట్లాడనే?"

"పోనీ, టీ కెటిల్‌ను చూసి మాట్లాడు."

మొదటి ప్రశ్నలు సుళువుగానే గడిచాయి. ఫ్యాక్టరీలో ఏం పని, ఎన్ని గంటలు, మూసేసిన రోజున ఏం జరిగింది. మూసేసిన రోజు కూడా ఎప్పటిలాగే తెల్ల కోటు ఉతుక్కుని ఆరేసుకున్నానని బురుల్ చెప్పింది. మేరిమ్ అదంతా ఇంగ్లీషులో చెప్పేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తన మాట కూతురి నోట అంత సాఫీగా పోవడం చూస్తుంటే బురుల్‌కు ముచ్చటేసింది. పిల్లకు గొంతు ఎండిపోతుందేమోనని టీ గిన్నె ముందుకు జరిపింది.

ఫెమ్కె పుస్తకంలో పేజీ తిప్పి ఇంకో ప్రశ్న అడిగింది. మేరిమ్ తర్జుమా చేయకముందే నవ్వింది.

"ఇది నా గురించే. సోవియట్ కాలంలో అణిగి ఉన్న పాత ఆచారాలు ఆ తర్వాత మళ్ళీ లేచాయి కదా, మీరు కూడా మొదటి బిడ్డను ఆచారం ప్రకారం అత్తగారికి ఇచ్చారట, ఇచ్చేటప్పుడు బాధనిపించిందా అని అడుగుతోంది. మొదటిరోజు తరగతిలో నేనే చెప్పాన్లే. తన వ్యాసంలో నేనే మొదటి ఉదాహరణనట. ఆచారం కదా, ఇచ్చాక తిరిగి చూడకూడదు, అక్కకు బాధేం ఉండదు అని కూడా నేనే చెప్పాను. నువ్వు అవునను, రెండు ముక్కల్లో అయిపోతుంది."

అవును అంటే అయిపోయేది. ఆ మాట బురుల్ నాలుక చివరి దాకా వచ్చింది. కానీ పిల్ల అంత మామూలుగా, తల్లి తరఫున తనే సర్ది చెబుతున్నట్టుగా, బాధేం ఉండదు అనడం ఆమెకు ఎక్కడో కలుక్కుమనేలా గుచ్చుకుంది.

"తిరిగి చూడకపోవడమేమిటి?" అంది. ఆ గొంతు తనదేనా అనిపించింది. "నేను ఇవ్వలేదు."

మేరిమ్ తర్జుమా మరిచి తల్లి వైపు తిరిగింది. ఫెమ్కె ఒకసారి తల్లిని, ఒకసారి కూతురిని చూసింది.

"చెప్పు. మింగకూడదన్నావుగా," అంది బురుల్.

మేరిమ్ చెప్పింది. కూతురు చెప్పినట్టే బురుల్ ఫెమ్కె మొహంలోకి చూస్తూ మాట్లాడింది. కూతురి మొహం చూసి ఉంటే ఆ మాటలు వచ్చేవి కావు.

"తొంభై మూడులో ఫ్యాక్టరీ పోయింది. మేరిమ్ వాళ్ళ నాన్న అప్పటికే రష్యా పోయాడు, ఉత్తరం లేదు, కబురు లేదు. ఇంట్లో పిండి అడుగంటింది. ఫ్యాక్టరీ ఆడవాళ్ళం నలుగురం కలిసి సరిహద్దు దాటి కాష్గర్ పోయి చెప్పులూ ఫ్లాస్కులూ తెచ్చి అమ్ముదామనుకున్నాం. రెండు వారాల్లో వస్తానని చెప్పి, మూడేళ్ళ పిల్లను దోలోన్ కనుమ అవతల అత్త దగ్గర దింపాను. ఆ రెండు వారాలు నాలుగేళ్ళయ్యాయి."

మేరిమ్ ఇంగ్లీషు ఇప్పుడు నెమ్మదిగా నడుస్తోంది. ఒక్కో మాటకూ ముందు ఆగి, ఊపిరి తీసుకుంటోంది.

"పోయిన ప్రతిసారీ మా లారీ ఆ ఊరి మీదుగానే పోయేది. రోడ్డు మీద నుంచి అత్తింటి పొగగొట్టం కనపడేది. పొగ వస్తుంటే పిల్లకు చలి లేదులే అనుకునేదాన్ని. పొగ రాకపోతే కాష్గర్ దాకా ఏడ్చుకుంటూ పోయేదాన్ని."

"దిగలేదా?"

ఆ ప్రశ్న ఫెమ్కెది కాదు. మేరిమ్ అడిగేసి, వెంటనే ఫెమ్కె వైపు తిరిగి తన ప్రశ్నను తనే తర్జుమా చేసింది.

"ఒక్కసారి దిగాను. పిల్ల పెరట్లో కోడిని తరుముతోంది. దడి అవతల నిలబడి చూస్తున్నాను. అత్త బయటికొచ్చింది. 'తీసుకుపోయేట్టయితే లోపలికి రా. మళ్ళీ వదిలేసి పోయేట్టయితే దాని కంట పడకు. నువ్వు దింపి వెళ్ళాక ఇరవై రోజులు జ్వరంతో కాలిపోయింది' అంది. తీసుకుపోయి ఎక్కడ పెట్టను? లారీలో మూటల మీదా? కనుమలో మంచు పడితే ఏం చేయను? తెచ్చిన కోటు దడి మీద పెట్టి వచ్చేశాను. పసుపు రంగు కోటు, టోపీకి కుందేలు చెవుల్లాంటివి ఉంటాయి. కొనేటప్పుడు నా కళ్ళలో మూడేళ్ళ పిల్లే ఉంది. ఆ పిల్లకు అయిదేళ్ళు నిండాయని తట్టనే లేదు."

మేరిమ్ తర్జుమా చేయలేదు.

"కుందేలు చెవులా?" అంది. "అది అయ్‌నాష్ వేసుకునేది. వెనకింటి అయ్‌నాష్. ఆ కోటు కావాలని నేను నేల మీద పడి దొర్లాను తెలుసా? అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. అది వేరేవాళ్ళది, నీకెందుకే అంది."

"పట్టి ఉండదు. అందుకే ఇచ్చేసి ఉంటుంది."

"నాకోసం వచ్చిందని చెప్పి ఇవ్వచ్చుగా!"

"ఆవిడ్ని ఏమీ అనకు," అంది బురుల్, ఇప్పుడు కూతురినే చూస్తూ. "చెబితే నువ్వు దడి దగ్గర కూర్చుని దారి చూసేదానివి. ఆవిడ నీ కడుపు నింపింది. బడిలో వేద్దామని నేను వచ్చినప్పుడు నువ్వు ఆవిడ పావడా పట్టుకుని వదల్లేదు. అక్కతో వెళ్ళమ్మా అని ఆవిడే నీకు నేర్పింది. అడిగినవాళ్ళకు ఆచారమని చెప్పు, నా కొడుకు పరువూ దక్కుతుంది, పిల్లకూ గౌరవంగా ఉంటుంది అంది. వదిలేసిన బిడ్డ అనిపించుకోవడం కంటే ఇచ్చిన బిడ్డ అనిపించుకోవడం నీకు మేలనుకున్నాను. అంతే. నాకు అంతకంటే ఎక్కువ బుర్ర లేదు తల్లీ."

ఇక పిల్ల లేస్తుంది. సంచి సర్దుకుని నాలుగు గంటల బస్సు ఎక్కుతుంది. ఆ డ్రైవరు ఘాట్ రోడ్డులో కూడా ఫోను మాట్లాడతాడు. కోపంలో ఉన్న పిల్ల కిటికీ పక్కన కూర్చుంటుంది, ఇక ఎప్పటికీ రాదు. బురుల్ కళ్ళ ముందు అదంతా జరిగిపోతోంది.

మేరిమ్ లేవలేదు. అరచేతులతో మొహం కప్పుకుని కూర్చుంది.

ఏం చేయాలో తోచక ఫెమ్కె రికార్డరు ఆపేసింది. తర్వాత కెటిల్ తీసుకుని, చాలా జాగ్రత్తగా, ఒక్క చుక్క ఒలకకుండా, ఇద్దరి గిన్నెల్లోనూ అంచుల దాకా టీ పోసింది. ఈ ఊళ్ళో ఆత్మీయులకు సగం గిన్నె పోస్తారు. నిండా పోశారంటే, తాగి ఇక దయచేయండి అని.

తల్లీ కూతుళ్ళు ఆ నిండు గిన్నెలను చూశారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు మేరిమ్‌కు నవ్వొచ్చింది. ముక్కు చీదుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"చూశావా, మనింట్లోంచి మననే పొమ్మంటోంది."

"పాపం, పిల్లకేం తెలుసు! చెప్పకు, సిగ్గుపడుతుంది," అని బురుల్ ఆ వేడి టీ గబగబా సగం తాగేసి నాలుక కాల్చుకుంది.

మేరిమ్ కాసేపు పళ్ళెంలో పిండిముక్కను తుంచుతూ కూర్చుంది. తర్వాత ఫెమ్కెతో ఏదో చెప్పింది. ఫెమ్కె పుస్తకంలో ఒక పేజీ మొత్తం అడ్డంగా గీత కొట్టేసింది.

"ఏమన్నావు?"

"నేను చెప్పింది తప్పని. తనొక్కతే కాదు, పన్నెండు మందీ అదే రాసుకున్నారు. రేపు తరగతి ఇక్కడి బళ్ళోనే. లేచి దిద్దుకోవాలి."

"వద్దే తల్లీ. అంతమందిలో నీకు తలవంపులు."

"నాకేం తలవంపులు? కోడిని తరమడం తప్పా?" అంది మేరిమ్. తల్లి చేతి మీద పడ్డ పిండి నలుసును వేలితో తీసేసింది. "నువ్వు కూడా రా. ఆ పొగగొట్టం సంగతి నా అంతట నేను చెబితే సరిగ్గా రాదు. నువ్వు చెప్పు. నీ పక్కన నిలబడి నేను వాళ్ళకు చెబుతాను."

పన్నెండు మంది. పన్నెండు ఎర్ర దీపాలు. ఏడుపొస్తుంది, లేదంటే అసలు మాటే రాదు. ఎవరైనా నవ్వుతారు. సంవత్సరం తప్పు చెబుతుంది. కళ్ళు తిరిగి పడితే పిల్ల పరువు పోతుంది.

"ఎన్నింటికి?" అంది బురుల్.

"పదింటికి."

"అయితే తొమ్మిదింటికే బయల్దేరాలి."

"బడి నాలుగడుగులు కూడా ఉండదు కదా!"

"ఉండకపోనీ," అంది బురుల్. "గాలి లేస్తే?"