నెదర్‌హోల్ట్ పొలిమేర రాయి

నేను ఒక పొలిమేర రాయిని. ఇంగ్లండులో నెదర్‌హోల్ట్ అనే నలభై గడపల ఊరు ఎక్కడిదాకా అంటే, నా దాకా. ఉత్తరాన సుద్దకొండ, దక్షిణాన వాగు, వాగు దాటాక పచ్చిక బీడు, ఆ బీడు చివర నేను. మూడొందల ఏళ్ల క్రితం రాళ్లు చెక్కే ముసలాయన ఒకడు నా నుదుట ఊరి పేరులోని మొదటి అక్షరం చెక్కి పాతాడు.

ఏటా వసంతంలో ఊరంతా పొలిమేర చుట్టి వచ్చి, నన్ను బెత్తాలతో బాదేవారు. అంతటితో ఊరుకుంటారా! ఎవరో ఒక పసిదాన్ని తలకిందులుగా పట్టుకుని, తల నాకు టక్కున తగిలించేవారు. హద్దు ఎక్కడో జన్మలో మర్చిపోకూడదట. కాగితం మీద రాసుకోవచ్చుగా అని నాకు నవ్వొచ్చేది.

తర్వాత యుద్ధం వచ్చింది. శత్రువుకు దారి తెలియకూడదని, ఊరి గుర్తున్న ప్రతిదాన్నీ దాచేయమన్నారు. నన్ను మోసుకెళ్లడానికి వచ్చిన ఇద్దరూ బద్ధకించి, ఉన్నచోటే గొయ్యి తీసి బోర్లా పడేశారు. వాళ్లు యుద్ధం నుంచి తిరిగి రాలేదు; నేనెక్కడున్నానో చెప్పేవాళ్లే లేకపోయారు. డెబ్బై ఏళ్లు నా మీద ఆవులు మేశాయి. ఎంత కుమిలిపోయానో నాకే తెలుసు.

ఈమధ్య బీడు అవతలి ఎస్టేటు కొన్న క్రాల్ దొర, ఊరు వాగుతోనే ఆగిపోతుందని బీడుకు కంచె మొదలుపెట్టాడు. బీడు పోతే ఊరి ఆవులకు మేత లేదు. కౌన్సిల్ అధికారి ముందు జనం ఎంత మొత్తుకున్నా దొరది ఒకటే మాట: రాయి చూపించండి, కంచె పీకేస్తాను.

అప్పుడు ఎనభై ఏళ్ల హెట్టీ ప్లమ్లీ ముందుకొచ్చింది. నాకు ఆఖరుగా తల తగిలిన పిల్ల ఆమే. తలకిందులుగా ఉన్న ఆ క్షణంలో చర్చి శిఖరం మిల్లు పొగగొట్టానికి వేలాడుతున్నట్టు కనిపించిందట. నిలబడి చూస్తే గుర్తు రావడం లేదంది. బీడు చివరి గట్టు వెంట నడుస్తూ, నాలుగడుగులకోసారి నడుం వంచి, కాళ్ల సందునుంచి ఊరివైపు చూసింది. దొర పక్కున నవ్వాడు.

“ఇక్కడ తవ్వండి,” అంది, తల పైకెత్తకుండానే.

“అంతకాలం ఎలా గుర్తుందమ్మా?” అన్నాడు అధికారి.

“మర్చిపోవడానికి అదేమన్నా పాఠమా బాబూ? నెత్తిన కట్టిన బొప్పి.”

మూడో పోటుకే గునపం నా వీపున ఖంగుమంది. అబ్బ, ఎంత హాయి! వెల్లకిలా తిప్పి మట్టి తుడిస్తే నా అక్షరం చెక్కుచెదరలేదు. దొర మాట మీద నిలబడి మొదటి గుంజ తనే పీకాడు. సాయంత్రానికల్లా నన్ను నిలబెట్టారు.

అయినా ఎవరూ ఇళ్లకు కదల్లేదు. హద్దు మర్చిపోకూడని మనిషి తల నాకు తగలాలి కదా! అందరూ దొర తల వైపే చూశారు. ఆయన కాసేపు నసిగి, టోపీ తీసి హెట్టీ చేతికిచ్చి, బట్టతల వంచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. టక్కుమంది. మూడొందల ఏళ్లలో నాకు అంత కమ్మగా తగిలిన తల మరొకటి లేదు.