అడ్డురాయి వాంగ్మూలం

నేను ఒక నాపరాయిని. రెండడుగుల చదరం, అంగుళన్నర మందం. ప్రస్తుతం ఒక పోలీస్ స్టేషన్ ఆవరణలో, పట్టుబడ్డ మోటారు సైకిళ్ల పక్కన గోడకు ఆనుకుని ఉన్నాను. నా మీద తెల్లరంగుతో ఒక నంబరు వేశారు. ఒక నేరంలో వాడిన వస్తువునట నేను. ఆ నేరమేమిటో, చేసిన మనిషెవరో చెప్పాలి. చెప్పకపోతే ఈ కోపానికి నిలువునా పగిలేలా ఉన్నాను.

నేను పుట్టింది బేతంచెర్ల దగ్గరి గనిలో. పొరలుపొరలుగా ఉన్న బండలోంచి ఒక ముసలి కూలీ ఉలి పెట్టి, సుత్తితో నెమ్మదిగా తడుతూ నన్ను విడదీశాడు. లారీకెత్తి ఒక విశ్వవిద్యాలయానికి తెచ్చారు. వెనక గేటు దగ్గర మొదలై, అమ్మాయిల హాస్టల్ మీదుగా లైబ్రరీ దాకా, కానుగచెట్ల కింద మమ్మల్ని వరుసగా పరిచారు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ నీడలో ఉన్నాను. మనుషులు నడిచేటప్పుడు మంచివాళ్లు. ఎదురుపడితే తప్పుకుంటారు, పలకరించుకుంటారు. స్టీరింగు చేతికొస్తే మాత్రం ముందున్నవాడు మనిషన్న సంగతే మరిచిపోతారు.

హాస్టల్ మెస్సులో వంట చేసే కుళ్ళాయమ్మది వెనక గేటు అవతలి కాలనీ. పొద్దున ఆరింటికల్లా వచ్చేది. చెప్పులు చేత్తో పట్టుకుని నా మీద వట్టికాళ్లతో నడిచేది. "రాయి సల్లగుంటాది" అనేది తోటివాళ్లతో. పందొమ్మిదేళ్లు అలాగే నడిచింది.

నాలుగేళ్ల కిందట అభివృద్ధి వచ్చింది. కానుగచెట్లు కొట్టేశారు. మమ్మల్ని గడ్డపారలతో పెకలించి, దారిని రోడ్డులో కలిపేశారు. "ఈ రోజుల్లో నడిచేవాళ్లెవరండీ" అన్నాడు రిజిస్ట్రారు, కారు అద్దం దించి. ఆ మాట అంటున్నప్పుడే ఆయన కారును రాసుకుంటూ నలభై మంది అమ్మాయిలు క్లాసులకు నడిచి పోతున్నారు. వాళ్లు ఆయన కంటికి ఆనలేదు. మమ్మల్ని రోడ్డు పక్కనే, పంపుహౌసు ముందు గుట్టగా పోశారు.

గత జూలైలో ఒక ఉదయం. కుళ్ళాయమ్మ పనికి వస్తోంది. రోడ్డు అంచునంతా కార్లు నిలిపి ఉన్నాయి గనక, వాటిని తప్పించుకుంటూ లోపలికి నడవాల్సి వచ్చింది. వెనక నుంచి ఒక ప్రొఫెసరు గారి కారు వచ్చి గుద్దింది. ఆయన స్టేడియానికి బయల్దేరాడు, మార్నింగ్ వాక్ చేయడానికి. ఆయన ఇంటికీ స్టేడియానికీ మధ్య అర కిలోమీటరు. నడవడానికి కారులో పోయే మనిషి, పనికి నడిచిపోయే మనిషిని పడగొట్టాడు. నా కళ్లెదుటే ఆమె తుంటి విరిగింది.

విచారణ కమిటీ వేశారు. ముగ్గురు సభ్యులు, మూడు కార్లు. సదరు మహిళ వాహనాల మార్గంలో నడవడమే ప్రమాదానికి కారణమని తేల్చారు. పాదచారుల భద్రత కోసం వెనక గేటు మూసేయమన్నారు. మూసేశారు. ఇక పనివాళ్లంతా రెండు కిలోమీటర్లు చుట్టి రావాలి. ప్రొఫెసరు గారి కారును మాత్రం పోలీసులు గుద్దిన రోజు సాయంత్రమే ఆయనకు అప్పగించారు.

అయిదు నెలలకు కుళ్ళాయమ్మ చేతికర్రతో వచ్చింది, పని మళ్లీ ఇమ్మని అడగడానికి. రిజిస్ట్రారు ఆమెను మా గుట్ట దగ్గరే కలిశాడు, కారు దిగకుండా.

"ఏమ్మా, నడవలేనిదానివి ఇంతదూరం ఎందుకొచ్చావు? నీ స్థానంలో వేరే మనిషిని తీసుకున్నారు కదా."

"నడిచేకి చాతగాక కాదు సార్ నేను పడింది. నడిచేకి చోటు ల్యాక."

కారు వెళ్లిపోయింది. ఆమె వచ్చి నా మీద కూర్చుంది. అంతలో షమీమ్ పరుగున వచ్చింది. భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఆరేళ్లుగా కుళ్ళాయమ్మ చేతివంట తిన్న పిల్ల.

"అక్కా, ఏమన్నాడు?"

కుళ్ళాయమ్మ చేతికర్రతో మా గుట్టను చూపించింది. "పాపా, ఈ రాళ్లు ముందు యాడుండ్యాయో గుర్తుందా నీకు?"

"ఉంది."

"ఆడ పెట్టండి."

గంటలో హాస్టలంతా కదిలింది. ఇద్దరిద్దరు ఒక్కో రాయి పట్టుకున్నారు. కుళ్ళాయమ్మ కర్రతో చోటు చూపిస్తుంటే, పాత దారి ఉన్న చోటే, రోడ్డు ఎడమ పక్కన, నూట పన్నెండు రాళ్లు పేర్చారు. రోడ్డు ఇరుకై, మధ్యాహ్నానికి కార్లు నిలిచిపోయాయి. రిజిస్ట్రారు కారు దిగి, ఎండలో చెమటలు కక్కుతూ నడిచి వచ్చాడు. వెంట పోలీసులు.

"ఎవరు పెట్టారో చెప్పండి. ఒక్కొక్కరిని డిబార్ చేస్తాను" అన్నాడు.

షమీమ్ ఆ నెలలోనే థీసిస్ ఇవ్వాలి. అయినా ముందుకు కదిలింది. కుళ్ళాయమ్మ ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపింది.

"నేను పెట్టినా సార్."

సీఐ ఆమె చేతికర్ర వైపు చూశాడు. "నూట పన్నెండు రాళ్లూనా? ఒక్కదానివేనా?"

"ఒగదాన్నే."

రిజిస్ట్రారుకు ఒక పేరు దొరికితే చాలు. సీఐకి ఒక ముద్దాయి దొరికితే చాలు. తుంటి విరిగిన ఆడమనిషి నలభై కిలోల రాళ్లు మోసి రాకపోకలకు అడ్డం పెట్టిందని నిబ్బరంగా రాసుకున్నారు. సాక్ష్యంగా వరుసలో మొదటి రాయిని, నన్ను, జీపులో వేశారు.

తర్వాతి సంగతులు, కుళ్ళాయమ్మకు తోడుగా స్టేషన్‌కు వచ్చిన షమీమ్ చెబుతుంటే విన్నాను. మరుసటి రోజు నుంచి విద్యార్థులంతా రోడ్డు నిండా, తాపీగా నడవడం మొదలుపెట్టారట. కార్లు వాళ్ల వెనక పాకాయట. పదకొండో రోజున వెనక గేటు తెరిచారు. హాస్టల్ నుంచి లైబ్రరీ దాకా దారి మళ్లీ వేశారు. గేటు నుంచి హాస్టల్ దాకా, పనివాళ్లు నడిచే ముక్క మాత్రం రెండో దశలోనట. షమీమ్ థీసిస్ ఇచ్చింది. కుళ్ళాయమ్మకు పని ఇవ్వలేదు. కేసు నడుస్తూనే ఉంది.

నిన్న కుళ్ళాయమ్మ బెయిలు షరతు ప్రకారం సంతకం పెట్టడానికి స్టేషన్‌కు వచ్చింది. రైటరు మంచివాడే. మెల్లగా అన్నాడు, "ఎందుకమ్మా ఈ తిరుగుడు? తప్పయిందని జడ్జి గారి ముందు ఒక్క మాట చెప్పు, అయిపోతుంది."

"కారాయన చెప్పినాడా సార్ తప్పయిందని?"

రైటరు రిజిస్టరును ఆమె వైపు తిప్పి, సంతకం పెట్టే చోటు చూపించాడు.

"మిగతా దారి ఏసిందాకా నేనే పెట్టినానని చెప్తా, తప్పయిందని మాత్రం చెప్పను" అని, సంతకం పెట్టి బయటికి నడిచింది.

స్టేషన్ ముందు రోడ్డుకూ పక్కన నడిచే చోటు లేదు. ఆమె కర్ర పొడుచుకుంటూ రోడ్డు మీదే నడిచింది. వెనక ఒక లారీ ఆగకుండా హారన్ మోగించింది. ఆమె తిరిగి చూడలేదు, పక్కకు జరగలేదు. లారీయే నెమ్మదించింది.