ఇరవై గీత దాకా

తొమ్మిదిన్నర బెల్లు మోగగానే కత్తెర మోటార్లు ఆగాయి. గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళంతా నడుములు పట్టుకుని టీ దగ్గరికి నడిచారు. ఆల్ఫ్ టోబిన్ మాత్రం ఉన్నిని మూటలుగా అదిమే ప్రెస్సు చాటుకు వెళ్ళి, దగ్గు సిరప్పు సీసా ఎత్తి రెండు గుటకలు వేశాడు.

అరవై నాలుగేళ్ళ పొట్టి మనిషి. ముఖం ఎండకు కమిలిపోయినా, ఉన్ని జిడ్డుకు అరచేతులు పసిపిల్లాడివిలా మెత్తగా ఉంటాయి. పెళ్ళి లేదు, ఇల్లు లేదు. నలభై ఒక్క ఏళ్ళుగా డార్లింగ్ నది పొడుగునా బొచ్చు కత్తిరించే షెడ్డు నుంచి షెడ్డుకు తిరుగుతూ, ప్రతి మూట మీదా నల్లరంగుతో అంకె వేస్తున్నాడు. ఏ షెడ్డునూ పని మధ్యలో వదిలి పోలేదు. అతనికున్న గర్వమల్లా అదొక్కటే.

"దొరికావు!" అంది వంటమనిషి నోలా. "పొద్దున టిఫిను దగ్గర తాగావుగా, మళ్ళీ ఏంటయ్యా?"

"బెల్లు కొట్టారుగా నోలమ్మా. తిండైనా టీ అయినా దాన్ని బట్టేగా మనకి."

"మందుకి నీ బెల్లు తెలీదు. పెద్దవాళ్ళకి ఈ సీసాలోది ఒకసారికి ఇరవై మిల్లీలీటర్లు, అంతకి మించొద్దు. మళ్ళీ తాగాలంటే నాలుగు గంటలు ఆగాలి. రోజుకి ఆరుసార్లు దాటకూడదు. సీసా మీదే రాసుంది, కళ్ళు కనపడకపోతే నన్నడుగు. ఆ జేబులో ఏంటి?"

జలుబు మాత్రలు. నోలా అట్ట తిప్పి చదివింది. "ఇందులోనూ అదే మందు! రెండూ కలిపి మింగుతున్నావా, నా బంగారం?" మాత్రలూ సీసా లాక్కుంది. "మంచినీళ్ళు బాగా తాగు. ఎన్నాళ్ళైంది ఈ దగ్గు?"

"పదకొండు రోజులు." చెబుతూనే ఆల్ఫ్ కుడి డొక్క నొక్కుకున్నాడు.

నోలా అతని నుదురు ముట్టుకుంది. ముఖంలో నవ్వు పోయింది. "వారం దాటిన దగ్గు, పైగా ఒళ్ళు కాలుతోంది. దీనికి సిరప్పు కాదు, డాక్టరు కావాలి. ఇప్పుడే పద."

"రేపు మధ్యాహ్నానికి మంద కత్తిరింపు అయిపోతుంది తల్లీ. నా మూటల మీద ఇంకొకడు అంకె వేస్తాడా?"

"సాయంత్రం బెల్లు కాగానే నా బండెక్కాలి. లేదంటే కాంట్రాక్టరుకి చెప్పి ఇప్పుడే పని మాన్పించేస్తా."

ఆ మాటకు హడలిపోయి ఒప్పుకున్నాడు.

ఒంటిగంటన్నరకు నోలా పొయ్యి వదిలి వచ్చి, కొలత గీతలున్న చిన్న ప్లాస్టిక్ గ్లాసులో కొలిచి ఇచ్చింది. ఆల్ఫ్ బుద్ధిగా తాగాడు. మధ్యాహ్నమంతా ఉన్ని అదిమాడు, మధ్యమధ్య ప్రెస్సు పట్టుకుని ఊపిరి కోసం ఆగాడు. ఐదు దాటాక రెండు వందల పదకొండో మూటకు అంకె వేసి, దానికే ఆనుకుని కూర్చున్నాడు. డొక్కలో నొప్పి తగ్గినట్టనిపించింది. హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

ఐదున్నర బెల్లు మోగింది. బండి తాళాలతో, నింపిన గ్లాసుతో నోలా వచ్చింది.

"పద ఆల్ఫ్, తాగేసి బయల్దేరదాం."

రెండోసారి పిలవలేదు. గ్లాసు మూట మీద పెట్టి, అతని మెడ మీద వేళ్ళు ఆనించి చూసింది, నాడి అందలేదు. పక్కనే కూలబడి, పొద్దున్నే లాక్కెళ్ళాల్సిందని ఏడ్చింది.

తడి ఆరని అంకె పైన గ్లాసు అలాగే ఉంది, అందులో మందు సరిగ్గా ఇరవై గీత దాకా.