చలిలో తీసిన కొలత

డెబ్బై మూడో నంబరు మందు పనిచేస్తుందా అని అడిగితే ఆ ప్రయోగశాలలో రెండు జవాబులు వచ్చేవి. కణాలు పెంచే గదిలో అడిగితే భేషుగ్గా పనిచేస్తుందనేవారు. నాలుగడుగులు వేసి చలిగదిలో అడిగితే, దాని మొహం, అది దేనికీ పనికిరాదనేవారు. ఈ రెండు గదుల మధ్య కిందామీదా పడుతున్న మనిషిని అందరూ చలిగది అక్క అని పిలిచేవారు. పదకొండేళ్లుగా నాలుగు డిగ్రీల గదిలో, స్వెట్టరు మీద కోటు, కోటు మీద ఇంకో కోటు వేసుకుని పనిచేసే మనిషికి అంతకన్నా ఏం పేరు పెడతారు?

వాళ్లంతా పట్టుకు వేలాడుతున్నది ఒక ప్రొటీను. అది మన ఒంట్లో కణం గోడలో, సగం బయటికీ సగం లోపలికీ దిగబడి కూర్చుంటుంది. బయటినుంచి ఏదైనా కబురు వచ్చి తగిలితే ఒళ్లు కాస్త మెలితిప్పుతుంది. ఆ మెలికకి లోపలి సగం ఆకారం మారుతుంది, దాన్ని చూసి లోపలున్నవాళ్లు పని మొదలుపెడతారు. నోరులేని వస్తువు, ఒళ్లు కదిపే మాట్లాడాలి పాపం. కీళ్లవాపు జబ్బులో దీని బుద్ధి గడ్డి తింటుంది. బయట ఎవరూ ఏమీ అనకపోయినా వాపు పుట్టించమని లోపలికి కబుర్లు మోస్తూనే ఉంటుంది. దాని ఒంటి మీద ఎక్కడో ఒకచోట ఇరుక్కుని కూర్చుని, ఆ మెలిక తిరక్కుండా ఆపే చిన్న అణువు దొరికితే అదే మందు.

అక్క మూడేళ్లు వెతికింది. నూరు పైచిలుకు అణువుల్లో పనికొచ్చింది డెబ్బై మూడు ఒక్కటే. ఆ మాట తేల్చింది కణాలు పెంచే ఆయన. పండగా సెలవూ లేకుండా రెండుపూటలా వాటికి మేత మార్చి, మంచీచెడూ చూస్తాడు కాబట్టి ఆయనకి పాడిరైతు అని పేరుపడింది. ఆయన కణాల మీద డెబ్బై మూడుని రెండు చుక్కలు వేస్తే చాలు, ప్రొటీను ఠక్కున నోరు మూసేది. అక్క అణువుల్లో దాన్ని నోరు మూయించిన మొనగాడు ఇంకొకడు లేడు.

చిక్కంతా ఆ ప్రయోగశాల నడిపే పెద్దసారుతో వచ్చింది. మందు పనిచేస్తే చాలదు, అది వెళ్లి ఈ ప్రొటీను మీదే కూర్చుంటోందని కళ్లకు కట్టినట్టు చూపించాలంటాడాయన. న్యాయమే. దానికో మెషీను ఉంది. బంగారు పూత పూసిన చిన్న బిళ్ల మీద ప్రొటీనుని అంటించి, పైనుంచి అణువు కలిపిన నీళ్లు పారిస్తారు. అణువు అతుక్కుంటే తెర మీద గీత లేస్తుంది. అక్క డెబ్బై మూడుని ఎనిమిదిసార్లు పారించింది. ఎనిమిదిసార్లూ గీత ఇస్త్రీ చేసినట్టు పడుకుంది.

పెద్దసారు చెడ్డవాడేం కాదు. ఎవరింట్లో పిల్లకి జ్వరమొచ్చినా ముందు ఆయనే ఇంటికి పొమ్మనేవాడు. కాకపోతే ఆ ప్రొటీను విషయంలో ఆయనకి చాదస్తం. వెచ్చగా ఉంటే అది పాలలా విరిగిపోతుంది. దాన్ని చలిలో పెట్టి, బుజ్జగించి, కదలకుండా నిలబెట్టి ఫొటో తీయడానికి ఆయన ఆరేళ్లు పట్టు విడవలేదు. తలుపంత ఆ ఫొటో మీటింగు గదిలో వేలాడుతోంది. అందులో ప్రొటీను గుండ్రాయిలా ఉంటుంది, సూది దూరే సందు కూడా లేదు. ఐసు డబ్బా లేకుండా ట్యూబు పట్టుకుని ఎవరైనా ఆయన కంటపడితే ఆ పూట ఆయనకి అన్నం సయించేది కాదు. ఆ భయానికి మెషీను కూడా ఎప్పుడూ చలిలోనే నడిచేది. ఎందుకలా అని అడగడం అందరూ ఏనాడో మరిచిపోయారు.

సోమవారం ఆయన కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. ఫొటోలో చోటు లేదు, మెషీనులో గీత లేదు, కణంలో లక్ష వస్తువులుంటాయి కాబట్టి డెబ్బై మూడు ఇంకెక్కడో తగులుతోంది, శుక్రవారం మీటింగులో దాన్ని కొట్టేస్తున్నాను అన్నాడు. గీత లేదన్నది నిజమేనని అక్కకీ తెలుసు. కానీ కణాలు ఊరుకోవడం ఆమె తన కళ్లతో చూసింది. మూడేళ్ల కష్టం పోతుందన్న బాధ సరే, నిజమైన మందుని చేజేతులా చెత్తబుట్టలో వేస్తున్నామేమోనన్న బెంగ అంతకంటే ఎక్కువగా పీడించింది.

మంగళవారం సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారు కొత్త కోటుతో సిద్ధంగా ఉంది. ఆవిడ నలభయ్యేళ్లుగా దర్జీపని చేస్తోంది. కోడలు చలికి వణుకుతోందని లోపల దూది దట్టించి స్వయంగా కుట్టింది. తీరా తొడిగితే భుజాల దగ్గర బిగదీసి, చేతులు ఛాతీ దాకా కూడా లేవలేదు. సందు దొరికింది కదా అని అక్క, నలభయ్యేళ్ల అనుభవం పప్పులో కాలేసిందా అత్తయ్యా అని మేలమాడింది.

అత్తగారికి రోషమొచ్చింది. టేపు మెళ్లో వేసుకుని కోడల్ని ఇటూ అటూ తిప్పి చూసింది. అంగుళమున్నర తేడా వచ్చింది.

"నాదేం తప్పు లేదమ్మాయ్. ఆవేళ నీ ఆఫీసుకొచ్చి కొలత తీశానా? అప్పుడే ఆ చలిగదిలోంచి బయటికొచ్చావు. భుజాలు ముడుచుకుని, కోడిపిల్లలా నిలబడ్డావు. ముడుచుకున్న మనిషిని కొలిస్తే ముడుచుకున్న కోటే వస్తుంది. ఇంట్లో వెచ్చగా ఉన్నప్పుడు నువ్వింత మనిషివని నాకేం తెలుసు?"

అక్క నవ్వబోయి ఆగిపోయింది. ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. అత్తగారు కంగారుపడి, నొప్పిగా ఉందా, కుట్టు ఊడదియ్యనా అని అడిగింది. అక్క ఆలోచన ల్యాబుకి పోయింది. పాడిరైతు కణాలు ఉండేది మన ఒంటి వేడిలో, ముప్పై ఏడు డిగ్రీల దగ్గర. మెషీనులో ప్రొటీను ఉండేది చలిలో. ఆరేళ్లు కష్టపడి ఫొటో తీసిందీ చలిలోనే. ఇన్నాళ్లూ అందరూ కలిసి ముడుచుకున్న దాన్ని కొలుస్తున్నారు. వెచ్చగా ఉన్నప్పుడు అది ఒళ్లు విరుచుకుని, ఏ చంక కిందో సందు ఇస్తుందేమోనని ఒక్కరికీ తోచలేదు. అక్కకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అత్తగారిని గట్టిగా వాటేసుకుంది, ఆ ఊపుకి కోటు చంక దగ్గర పర్రున చిరిగింది.

బుధవారం ఆమె మెషీనుని ముప్పై ఏడుకి తిప్పింది. ఆ బటను మీద చెయ్యి వెయ్యడానికి పావుగంట పట్టిందని తర్వాత తనే చెప్పుకుని నవ్వింది. వెచ్చబడ్డాక ప్రొటీను విరిగిపోవడానికి పన్నెండు నిమిషాలు పడుతోంది. మొదటిసారి తాత్సారం చేసినందుకు అంతా పాడైంది. రెండోసారి పాడిరైతు గడియారం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నాలుగో నిమిషంలో డెబ్బై మూడు పారింది. గీత కదిలింది, లేచింది, లేచి నిలబడింది. పాడిరైతు కాసేపు అక్క వంకా కాసేపు తెర వంకా చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి, కణాల మాట నిజమైనందుకు ఆయనకి సొంత బిడ్డ గెలిచినంత సంబరమైంది.

శుక్రవారం మీటింగులో ఆ గీత చూపించగానే పెద్దసారు మొహం గంటుపెట్టుకున్నాడు. వెచ్చబెట్టారా, నా ప్రొటీనునా అన్నట్టు చూశాడు కానీ, అరవలేదు. శాస్త్రం తెలిసినవాడు కాబట్టి సరిగ్గా ఆయువుపట్టు మీదే కొట్టాడు. విరిగిన ప్రొటీను జిగురులాంటిది, దానికి ఏదైనా అతుక్కుంటుంది, మీరు చూసింది ఆ జిగురునే అన్నాడు.

ఆ మాట వస్తుందని అక్కకి తెలుసు. డెబ్బై మూడుకి ఒక కవల ఉంది. బరువూ అదే, సరుకూ అదే, కానీ కుడిచేతికి ఎడమచెయ్యిలా తిరగబడి ఉంటుంది. పాడిరైతు కణాల మీద దానికి ఏ పట్టూ లేదు. ప్రొటీను విరిగి జిగురైతే రెండూ అతుక్కోవాలి. నిజంగా సందు తెరుచుకుంటే డెబ్బై మూడు ఒక్కటే అందులో పట్టాలి. ఇప్పుడే, మీ ముందే చేస్తానంది.

పెద్దసారు లేచి వచ్చి రెండు ట్యూబులూ తనే తీసుకున్నాడు. పేర్ల చీటీలు పీకేసి, ఏది ముందో ఏది వెనకో కాగితం మీద రాసుకుని గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఇక అక్కకీ తెలియదు. అందరూ మెషీను చుట్టూ మూగారు. పాడిరైతు గడియారం నొక్కాడు.

మొదటి ట్యూబు పారింది. గీత పడుకునే ఉంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఉలుకూ పలుకూ లేదు. ఇదే డెబ్బై మూడైతే అక్క మూడేళ్లూ గంగలో కలిసినట్టే. ఆరో నిమిషంలో ఆమె రెండో ట్యూబు పెట్టింది. గీత ఒక్కసారి ఊగి, పైకి లేవడం మొదలుపెట్టింది. బుధవారం లేచిన చోటికే వచ్చి ఆగింది. అందరి చూపూ పెద్దసారు గుప్పిటి మీదే ఉంది.

ఆయన కాగితం విప్పి చదువుకుని, అక్క చేతిలో పెట్టాడు. రెండోది డెబ్బై మూడని రాసి ఉంది.

గది కేకలతో హోరెత్తింది. పాడిరైతు గడియారాన్ని ఎగరేసి పట్టుకున్నాడు. పెద్దసారు కూడా నవ్వాడు, ఆరేళ్లు తీసిన ఫొటోలో పెళ్లికొడుకు నిద్రపోతున్నాడన్నమాట అని తనమీద తనే జోకు వేసుకున్నాడు. డెబ్బై మూడుని తర్వాతి పరీక్షలకు పంపే కాగితం అడిగి మరీ తెప్పించుకుని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. అక్క ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఇంతలో ఆయన నవ్వు ఆగిపోయింది.

ఏడేళ్ల కిందట ఆయన దగ్గర ఒక అమ్మాయి ఇదే ప్రొటీను మీద పరిశోధన చేస్తూ చదువుకునేది. ఆమె అణువులు కూడా కణాల మీద పనిచేసేవి, మెషీనులో గీత లేచేది కాదు. నీ చెయ్యి శుభ్రంగా లేదు, నీ కణాలు అబద్ధం చెబుతున్నాయని నలుగురిలో అన్నానని ఆయన అందరికీ వినబడేలాగే చెప్పాడు. ఆ నెలలోనే ఆమె చదువు వదిలేసి, బడిలో సైన్సు టీచరుగా చేరింది. ఆయన దగ్గర ఆమె ఫోను నంబరు లేదు. అక్క దగ్గర ఉంది. చలిగదిలో పక్కపక్కన పనిచేసినవాళ్లు ఒకరినొకరు మరిచిపోరు.

నంబరు కలిపి అక్కే ఫోను ఆయన చేతికిచ్చింది. అవతల పిల్లల గోల వినిపిస్తోంది. ఆయన తన పేరు చెప్పుకోవడానికే తడుముకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. నీ కణాలు అబద్ధం చెప్పలేదు. మేమే ప్రొటీనుని చలిలో బిగబెట్టి కూర్చున్నాం. వెచ్చబెడితే అతుక్కుంటోంది."

పిల్లల గోల దూరమైంది, ఆమె పక్కకి వచ్చినట్టుంది. తర్వాత ఆమె అడిగింది, "ఎన్ని డిగ్రీల దగ్గర సార్?"

"ముప్పై ఏడు."

"నేను ఇరవై దాకా వెళ్లాను సార్. గీత కొంచెం కదిలింది కూడా. మీరు చూసి మెషీను ఆపించేశారు."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తన అణువులు ఇంకా ఉన్నాయా, పారేశారా అని ఆమే అడిగింది. ఆయన అక్క వంక చూశాడు. ఉన్నాయి, ఒక్కటీ పోలేదని అక్క గట్టిగా, ఫోనులో వినబడేలా చెప్పింది.

"రేపు బడికి సెలవు. ల్యాబు ఎన్నింటికి తెరుస్తారు సార్?"

పదింటికి నిమిషం ముందు కూడా తలుపు తియ్యనివ్వని మనిషి గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు ఎప్పుడొస్తే అప్పుడేనమ్మా."