డొక్కల పేట

జేసీబీ పట్టపగలే వచ్చింది. గుమ్మంలో కూర్చున్న సత్తెమ్మ లేవలేదు.

"లే ముసలమ్మా, ఇది గంగాధరరావు గారి స్థలం," అన్నాడు సీఐ.

"మేం పోసిన నేలండి ఇది. ఎక్కడికి లెమ్మంటారు బాబూ?"

డ్రైవరు ఆగి యజమాని వంక చూశాడు. గంగాధరరావు కానిమ్మని చెయ్యూపాడు. గోడ ఆవిడ మీదే పడింది. సీఐ గుండెపోటని రాసుకున్నాడు. శవాన్ని కూడా మాకివ్వకుండా పట్టుకుపోయారు.

అమలాపురం శివార్లో మా పేట ఒకప్పుడు బురద పల్లం. కొబ్బరికాయలు ఒలిచే మా పెద్దలు షావుకార్లు పారేసిన కొబ్బరి పీచు డొక్కలు మోసుకొచ్చి పూడ్చారు. ఎవరు ఇల్లు కట్టుకున్నా, ఎవరి ఇల్లు కూలినా ఇంటికో తట్ట డొక్కలో మట్టో పొయ్యాలి. తట్ట పోసినవాడు పేటవాడు. కులం అడిగేది లేదు.

కిందటి వానల్లో గంగాధరరావు లారీలతో కంకర తెచ్చి మా వీధి మెరక చేయించాడు. వెర్రిబాగులవాళ్లం, పొంగిపోయాం. తలపాగా చుట్టి పేటవాడన్నాం. ఆయన ఫోటోలు తీయించుకున్నాడు. పల్లం పూడ్చింది తానేనని ఆ ఫోటోలే ఎమ్మార్వో ఆఫీసులో చూపించి స్థలం తన పేర రాయించుకున్నాడు. మా వేలితో మా కన్నే పొడిచాడు.

కూలిన గోడ దగ్గరే మీటింగు పెట్టాం.

"పోలీసులతో పడలేమండి. ఇంకోచోట చూసుకుందాం," అన్నాడు మోహన్.

"ఇంకో పల్లం పూడుస్తావా? అదీ లాక్కుంటారు!" ఒలుపు సంఘం పెద్ద అబ్రహాము అరిచాడు.

"ఆయన్ని పేటవాడని మనమే అన్నాం కదండీ," అన్నాడు మోహన్.

సత్తెమ్మ కోడలు లక్ష్మీతులసి లేచింది. ఏడవలేదు. "ఆయ్, అన్నాం. పేటవాడైతే మా అత్తగారిల్లు కూలింది కదా, తట్ట పట్టుకు రమ్మనండి."

కబురు పెట్టాం. ఆయన రాలేదు. మళ్లీ జేసీబీ వచ్చింది, వెనకే పోలీసు వ్యాను వచ్చింది.

లక్ష్మీతులసి కాయలు ఒలిచే గునపం నేలలోంచి పీకి, వాళ్ల ఎదురుగానే నేల తవ్వింది. జానెడు కంకర కింద డొక్కలే డొక్కలు, కుళ్లి నల్లబడ్డ తాతలనాటి డొక్కలు.

"ఇవెవరు పోసేరో చెప్పండి సీఐ గారూ!"

లాఠీ ఆమె నోటి మీద పడింది. రక్తం ఉమ్మేసి, తవ్విన డొక్కలు తట్టకెత్తుకుంది, అత్త ఇంటి పునాదిలో పోసింది. జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. కింద పడ్డ తట్ట అబ్రహాము ఎత్తాడు. అతన్నీ కొట్టి ఎక్కించారు. మోహన్ ఎత్తాడు. వ్యాను నిండింది గాని తట్ట నేల మీద ఉండలేదు.

అప్పుడే సంగతి తెలిసి ఉప్పలగుప్తం నుంచి చేపలమ్మే ఆడవాళ్లు వచ్చారు. చేపల గంపల్లో మట్టి తెచ్చి, మా కళ్లముందే పునాదిలో కుమ్మరించారు.

"మీరెవరే?" సీఐ లాఠీ ఎత్తాడు.

"పేటవాళ్లమండి," అంది ముందున్న చిన్నమ్మలు, ఖాళీ గంప చూపిస్తూ. "ఇప్పుడే పోసేం."