వీపు వెనక గోడ

"కాలరు జాగ్రత్త. ఫొటోల్లో ముందు అదే కనిపిస్తుంది," అన్నాడు మా ఆయన స్నానాల గదిలోంచి. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆ సాయంత్రం నది ఒడ్డున కొత్త మెట్లకు ప్రారంభోత్సవం. ఆ మెట్లు గీసింది నేను. అయినా ఇస్త్రీపెట్టె నా చీర దాకా రాలేదు. మడత విప్పి అలాగే కట్టుకున్నాను.

మేమిద్దరం ఆర్కిటెక్టులం. ఒకే కాలేజీ, ఒకే తరగతి, మార్కులు మాత్రం నాకే ఎక్కువ. ఈ మాట మా అత్తగారి ముందు ఎప్పుడూ అనలేదు, ఆవిడకి అన్నం సహించదు. పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి ఆఫీసు తెరిచాం. పాప పుట్టాక, "ఆఫీసుకి రావడమెందుకు, ఇంట్లోంచే గీసివ్వు, హాయిగా ఉంటుంది," అన్నాడు. ఆ హాయి ఎవరికో నేను అడగలేదు. భోజనాల బల్ల మీద ఒక పక్క పాప హోంవర్కు, ఒక పక్క తరగాల్సిన కూరలు, మధ్యలో నా నది. కంచాలు పెట్టే వేళకి అత్తగారు, "అమ్మాయ్, ఆ నీ నదిని కాస్త పక్కకి జరుపు," అనేవారు. జరిపేదాన్ని. ఆయన పొద్దున్నే ఆ కాగితాలు చుట్టుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళేవాడు.

నీళ్ళ దాకా మెట్లు ఎవరైనా గీస్తారు. నావాటిలో ప్రత్యేకం ఒకటే, కూర్చునే ప్రతిచోటా వీపు వెనక భుజాల ఎత్తున గోడ. నీళ్ళ దగ్గర ఒంటరిగా కూర్చున్న ఆడదాన్ని ఎప్పుడైనా గమనించండి, నీళ్ళకంటే వెనక్కే ఎక్కువసార్లు చూస్తుంది. కాలేజీ రోజుల్లో ఇదే ఒడ్డున పడవల బొమ్మ వేసుకుంటుంటే, వెనకనుంచి ఒక చెయ్యి నా మెడ మీదుగా జాకెట్లోకి దిగింది. వాడి ముఖం కూడా చూడలేకపోయాను. ఈ సంగతి మా అమ్మకే చెప్పలేదు. పెళ్ళికి ముందు ఈయనొక్కడికే చెప్పాను. అసలు ఒక్కదానివీ అక్కడికెందుకు వెళ్ళావని ఆయన అడగలేదు. నా చెయ్యి పట్టుకుని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం చూసే పెళ్ళికి ఒప్పుకున్నాను.

వేదిక మీద ఆయన పేరొక్కటే చదివారు. సొమ్మొకడిది సోకొకడిది అనుకుని నవ్వుకున్నాను, అది నాకు అలవాటైన నొప్పే. ఆయన కాలరు సవరించుకుని మైకు అందుకున్నాడు.

"ఈ గోడ ఆలోచన ఎలా వచ్చిందని అందరూ అడుగుతున్నారు. మా ఆవిడ చదువుకునే రోజుల్లో, సరిగ్గా ఇక్కడే..."

మొత్తం చెప్పాడు. ఆ చెయ్యి ఎక్కడిదాకా దిగిందో కూడా చెప్పాడు. "ఆ రోజు తన కన్నీళ్ళు చూసి నేనీ గోడ గీశాను," అని గొంతు వణికించాడు. చప్పట్లు ఆగలేదు. ముందు వరుసలవాళ్ళు వెనక్కి తిరిగి నన్ను జాలిగా చూశారు. నిజానికి నేనాయన ముందు ఏడవనే లేదు. ఈ మొత్తంలో ఆయన సొంతంగా గీసింది ఆ కన్నీళ్ళొక్కటే. గోడ తన పేరున రాసుకుని, భయం మాత్రం నా పేరునే ఉంచాడు. పాప నా చెంగు లాగి, "అమ్మా, నిన్నెవరు ముట్టుకున్నారు?" అని మెల్లగా అడిగింది. దాన్ని దగ్గరికి లాక్కున్నాను.

ఇంటికొచ్చేటప్పుడు కారులో అత్తగారు, "ఇంటి గుట్టు మైకులో చెప్పడమేంట్రా?" అన్నారు. ఒక్క క్షణం ఆశపడ్డాను. "నలుగురిలో మనకి తలవంపులు కాదూ," అని ముగించారు.

"మంచిగానే చెప్పాను కదమ్మా. ఎంతసేపు చప్పట్లు కొట్టారో విన్నావుగా," అని ఆయన అద్దంలోంచి నావైపు చూశాడు. "ఎదుటి ఒడ్డుకి కూడా మునిసిపాలిటీవాళ్ళు డిజైన్లు అడుగుతారట. ఈ కథ వాళ్ళకి బాగా నచ్చింది. నీకిలాంటిదే ఇంకేమైనా జరిగుంటే గుర్తు చేసుకో."

పాప నా వేళ్ళు గట్టిగా పట్టుకుని ఉంది.

"ఒకటుంది," అన్నాను.

"చెప్పు, చెప్పు."

"ఎదుటి ఒడ్డు నా పేరుతో నేనే గీసి పంపుతాను. వెనక గోడ ఎందుకని ఎవరైనా అడిగితే, ఇవాళ్టి సంగతి చెప్తాను."