కూర్చోబెట్టిన మాట

వినోద్‌ను సముద్రం తీసుకున్న రోజునే పంచాయతీ ఆఫీసు గోడకు ఆ గ్రామసభ నోటీసు అంటించారు. జాలరుల ఊరైన గవ్వలతిప్ప పట్టపుపాళెంలో ఆ రోజు దాన్ని చదివినవాళ్ళు లేరు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల అడ్డం తిరిగి ఫైబర్ బోటు బోల్తా పడిందని కేక వినగానే ఊరంతా ఒడ్డుకు పరిగెత్తింది. బోటులో ఉన్నవాళ్ళలో వినోద్ తప్ప అందరూ ఈదుకుంటూ వచ్చారు. వినోద్ మరుసటి రోజు పొద్దున, వెళ్ళిన చోటికి చాలా దూరంలో, తొందరేమీ లేనట్టు ఒడ్డుకు చేరాడు.

తిప్ప మీద పూడ్చారు. పాళెంవాళ్ళందరినీ అక్కడే పూడుస్తారు. ఊరికి ఉత్తరాన, సముద్రానికీ సరుగుడు తోటలకూ నడుమ ఉన్న పెద్ద ఇసుక దిబ్బ అది. సమాధి కట్టరు, రాయి పాతరు. ఇసుక తనంతట తనే సర్దుకుంటుంది. ఎవరు ఎక్కడున్నారో ఆ ఇంటివాళ్ళకు గుర్తుంటుంది, అంతే. ఫలానావాడు చనిపోయాడని పాళెంలో ఎవరూ అనరు. ‘తిప్పెక్కినాడు’ అంటారు.

వినోద్ భార్య రోజారమణి ఆ ఊరి బళ్ళో తెలుగు చెబుతుంది. అక్కడే పుట్టి, అక్కడే కోడలైన మనిషి. ఆ మాట పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంది. అందులో ‘ఎక్కడం’ అనే క్రియ ఉందని ఆమెకు ఇప్పుడే తట్టింది. నీళ్ళలో మునిగినవాడి గురించి కూడా ఎక్కాడనే అంటున్నారు.

ఉత్తరక్రియలు అయ్యేదాకా ఆమె గడప దాటకూడదు. ఆ లోపలే గ్రామసభ జరిగింది. తిప్పనూ, దాని వెనక సరుగుడు తోటలనూ కలిపి నివాస ప్రాంతంగా మార్చమని ఒక కంపెనీ అర్జీ పెట్టుకుంది. సముద్రం కనబడేలా విల్లాలు కడతారట. దాని మీద ప్రజల అభిప్రాయం తీసుకోవడానికి ఆ సభ. ఊరికి పెద్దరికం చేసే పెద్దకాపు చెంగయ్య, వినోద్‌కు స్వయానా పెదనాన్న, సభ నుంచి నేరుగా ఆమె ఇంటికి వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

“అయిపోయింది టీచరమ్మా. సెక్రటరీ గొంతు పోయేదాకా చదివినాడు పాపం. తిప్ప మీద ఇళ్ళు కట్టి అమ్ముతారంట.”

“మీరేమన్నారు మామా?”

“ఏమంటాం? కూచోబెట్టేసినాం.”

లోపలి నుంచి వినోద్ తల్లి నాగులమ్మ గొంతు వినిపించింది. “తిప్ప మీద కాపరం ఉండాలని అంత ఆశగా ఉంటే తొందరేముంది? టైమొచ్చినప్పుడు మనమే మోసకపోయి పెడతాం గదా.”

కొడుకు పోయాక ఆమె నోట వచ్చిన మొదటి ఎగతాళి అది. చెంగయ్య నవ్వబోయి, ఆ ఇంటి గడప గుర్తొచ్చినట్టు ఆగాడు.

“ఒక్కరూ లేవలేదా?” అని అడిగింది రోజారమణి.

“ఒక్కడు లేచుంటే నా పేరు మార్చేయ్.”

ఆమె తల ఊపింది. ఆ రోజుల్లో ఆమె మనసుకు కాస్త నెమ్మది కలిగించిన మాట అదొక్కటే. తిప్ప ఎక్కడికీ పోదు.

పాళెంలో కూటం జరిగే పద్ధతి వేరు. వలలు అల్లే పాక ముందు ఇసుకలో అందరూ కూర్చుంటారు. పెద్దకాపు లేచి మాట పెడతాడు. ఒప్పుకున్నవాళ్ళు లేచి ఆయన వెనక నిలబడతారు. ఒప్పుకోనివాళ్ళు కదలకుండా కూర్చుంటారు. వద్దు అని నోటితో ఎవరూ అనరు. ఈ పూట ఒకరి మీద ఒకరు మాట విసురుకున్నా, తెల్లారి అందరూ ఒకే బోటు ఎక్కాలి, ఒకే వల లాగాలి. అందుకే కాదనడానికి నోరు అక్కర్లేకుండా పూర్వీకులు ఏర్పాటు చేసుకున్నారు. ఎవరూ లేవకపోతే ఆ మాటను ‘కూర్చోబెట్టినట్టు’. ఇక దాన్ని మళ్ళీ ఎవరూ ఎత్తరు.

రోజారమణి మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, పంచాయతీ సెక్రటరీ కిషోర్ బాబు ఒకరోజు పలకరించడానికి వచ్చాడు. కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. వినోద్ గురించి రెండు మాటలు మాట్లాడాడు. తర్వాత ఏం మాట్లాడాలో తెలియక, ఆమెకు సంతోషం కలిగించే మాట అనుకుని ఇలా అన్నాడు:

“మీ పాళెం వాళ్ళని చూసి నేర్చుకోవాల మేడం. పైఊళ్ళో మురుగు కాలవకి కూడా చొక్కాలు చించుకున్నారు. ఈడ అంత పెద్ద విషయానికి ఒక్కరు కూడా అడ్డం చెప్పలేదు. ఏకగ్రీవం అని రాసి పంపించినాం.”

రోజారమణి చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

“వాళ్ళు ఒప్పుకోలేదండీ.”

“అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పండని రెండుసార్లు అడిగినా మేడం. ఒక్కరూ లేవలేదు.”

“ఒప్పుకోలేదు కాబట్టే లేవలేదు.”

ఆమె కూటం పద్ధతి చెబుతుంటే కిషోర్ బాబు ముఖంలో రంగు మారింది. “నాకెవురూ చెప్పలేదే మేడం,” అన్నాడు చివరికి. అదీ నిజమే. కూర్చోవడం అంటే ఏమిటో ఒకరికి చెప్పవలసి వస్తుందని పాళెంలో ఎవరికీ తోచలేదు. “ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు. నెల్లూరులో ప్లానింగ్ ఆఫీసులో విచారణ పెట్టుండారు. ఆడకి పోయి చెప్పుకోండి.”

చెంగయ్యకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ముందు నమ్మలేదు.

“కూచుంటే సరే అని రాసుకున్నాడా? వాడికి బుద్దుండాదా?”

“వాళ్ళ పద్ధతి అది మామా.”

“ఏం పద్ధతి మే అది? కూచున్నోడు ఒప్పుకున్నట్టయితే, మన ఊళ్ళో ముసిలోళ్ళంతా పొద్దస్తమానం ఒప్పుకుంటానే ఉండారు.”

విచారణ రోజున ఇద్దరూ బిట్రగుంట దాకా ఆటోలో వెళ్ళి నెల్లూరుకు రైలెక్కారు. ఆఫీసులో ఒక హాలు, వరసగా కుర్చీలు, గోడ మీద పటం. కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు కాగితాలు సర్దుకుంటున్నాడు. విచారణ జరిపే అధికారి సాయిలక్ష్మి లోపలికి రాగానే అందరూ లేచారు. చెంగయ్య లేవలేదు.

అటెండరు దగ్గరికొచ్చి, “పెద్దాయనా, మేడం వచ్చినారు, లేయ్,” అన్నాడు.

“లేవను.”

సాయిలక్ష్మి విని, “ఫరవాలేదు, కూర్చోనీ. మోకాళ్ళ నొప్పులా తాతా?” అంది.

“మోకాళ్ళు బాగానే ఉండాయి తల్లీ. ఈడ లేస్తే ఒప్పుకున్నట్టు రాసుకుంటారేమోనని.”

హాల్లో కొందరు నవ్వారు. సాయిలక్ష్మి నవ్వలేదు. ఏమిటా సంగతి అని అడిగింది. రోజారమణి లేచి చెప్పింది. ఒక్క మాట ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా చెప్పింది. విన్నాక అధికారి పెన్ను మూత పెట్టింది.

“మౌనం అర్ధాంగీకారం అంటారు కదండీ. తెలుగు టీచరునన్నారు, మీకు నేను చెప్పాలా?”

“అర్ధమే కదండీ. మిగతా సగం అడిగి ఉండాల్సింది.”

సాయిలక్ష్మి ముఖంలో చిరునవ్వు లాంటిది కదిలింది. ఆమె ఇంజనీరు వైపు తిరిగి తిప్ప మీద ఏముందని అడిగింది.

“ఏమీ లేదు మేడం. మేం తిరిగి చూసినాం. పటంలో కూడా ఖాళీ అనే ఉండాది. ఒక సమాధి లేదు, ఒక రాయి లేదు.” అతను అబద్ధం చెప్పడం లేదు. చూసిందే చెబుతున్నాడు.

“అక్కడ నా భర్త ఉన్నాడు,” అంది రోజారమణి.

ఆమె పిల్లల కాగితాల్లో క్రియ కాలం తప్పితే ఎర్ర సిరాతో గీత గీసే మనిషి. ‘ఉన్నాడు’ అన్న తర్వాత ఆ క్రియను ఆమె సరిదిద్దుకోలేదు.

మళ్ళీ గ్రామసభ పెట్టి స్పష్టమైన తీర్మానం పంపమనీ, ఆ తర్వాత తిప్పను తనిఖీ చేసి నిర్ణయం తీసుకుంటామనీ సాయిలక్ష్మి రాయించింది.

తిరుగు రైల్లో చెంగయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. పడుగుపాడు స్టేషన్ దాటాక అన్నాడు, “మళ్ళీ సభ పెడితే మాత్రం ఏం లాభం? వద్దనాలంటే లేవమంటారు. లేస్తే మన కాడ ఒప్పుకున్నట్టు. కూచుంటే వాళ్ళ కాడ ఒప్పుకున్నట్టు. ఎటు పోయినా తిప్ప వాళ్ళదే.”

“ఈ ఒక్కసారికి లేస్తే ఏం మామా?”

“నేను లేస్తే లేచినట్టే. మా తాతల నించి లేచినోళ్ళంతా ఆ మాట మీద నిలబడినారు. రేపు వల కాడ ఎవుడన్నా ‘ఆ పొద్దు నేను ఊరికే లేచినా’ అంటే, ఇంక కూటం దేనికి?”

అది మొండితనం కాదని ఆమెకు అర్థమైంది. ఊరిని ఒకటిగా పట్టి ఉంచేది ఆ లేవడమూ కూర్చోవడమే. తిప్పను దక్కించుకోవడానికి దాన్ని అబద్ధం చేస్తే, రేపు తిప్పెక్కేవాళ్ళను మోసే భుజాలు కలిసి ఉంటాయో లేదో.

ఆ వారమంతా ఆమె బళ్ళో పాఠం చెబుతూనే ఆ ముడి గురించి ఆలోచించింది. ఏడో తరగతికి వాక్యాలు మార్చడం చెప్పే రోజు వచ్చింది. వ్యతిరేకార్థంలో ఉన్నదాన్ని అనుకూలార్థంలోకి మార్చండి, భావం మాత్రం మారకూడదు. బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోయింది. తప్పు పాళెంవాళ్ళలో లేదు, కిషోర్ బాబులోనూ లేదు. అడిగిన వాక్యంలో ఉంది.

సాయంత్రం పంచాయతీ ఆఫీసుకు వెళ్ళింది.

“‘మార్చడానికి అభ్యంతరమా’ అని అడగవద్దు. ‘తిప్ప తిప్పగానే ఉండాలి, ఒప్పుకున్నవాళ్ళు లేవండి’ అని అడగండి.”

కిషోర్ బాబు తల గోక్కున్నాడు. “అజెండా అట్ట రాయరు మేడం.”

“ఊరివాళ్ళు తమంతట తాము తీర్మానం ప్రతిపాదించకూడదా?”

“ప్రతిపాదించొచ్చు. ఎవురో ఒకరు ముందుకు రావాల గదా.”

చెంగయ్యకు చెబితే ఆయన ఆ వాక్యాన్ని రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకున్నాడు, చేపలో ముల్లు ఉందేమో చూసుకున్నట్టు. “తిప్ప తిప్పగానే ఉండాల. దీనికి లేస్తే... లేచినట్టే. ఆఁ. ఇది నిలబడే మాటే. మాట పెట్టేది నేనే. నువ్వు మాత్రం గెట్టిదానివి మే టీచరమ్మా. ఇన్నాళ్ళూ పిలకాయలకి ఏం చెప్తుండావో అనుకున్నా.”

రెండో సభ బడి వరండాలో జరిగింది. పాళెంవాళ్ళు ఒకవైపు, అదే పంచాయతీలోని పైఊరి రైతులు ఒకవైపు కూర్చున్నారు. మొగుడు పోయి ఏడాది తిరగని ఆడది సభకు రాకూడదని ఎవరైనా అంటారేమోనని రోజారమణి చివర స్తంభం పక్కన కూర్చుంది. అత్త నాగులమ్మ ఆమె పక్కనే కూర్చుంది. చెంగయ్య లేచి మాట పెట్టాడు. కిషోర్ బాబు దాన్ని మళ్ళీ చదివి, ఒప్పుకున్నవాళ్ళు లేవండి అన్నాడు.

ఎవరూ కదలలేదు.

కుర్చీలో కూర్చున్న ఆఫీసరు ఏదన్నా అడిగితే ఒప్పుకోకూడదు, అందుకని లేవకూడదన్నది వాళ్ళ ఒంట్లో అంతగా ఇంకిపోయింది. చెంగయ్య ఒంటరిగా నిలబడి వెనక్కి చూశాడు. ఆయన వెనక ఎవరూ లేరు. పైఊరి వాళ్ళలో ఎవరో గుసగుసలాడారు. కిషోర్ బాబు పెన్ను కాగితం మీద ఆనింది.

అప్పుడు నాగులమ్మ నేల మీద చెయ్యి ఆనించి లేచింది. కూటంలో ఆడవాళ్ళు లేవడం పాళెంలో ఎవరూ చూసి ఉండలేదు.

“ఏంది బావా అట్ట చూస్తుండావు? నీ మాటకేగా లేచింది. నా బిడ్డ ఆడ పొణుకోనుండాడు.” ఆమె జనం మధ్య నుంచి నడిచి వెళ్ళి చెంగయ్య వెనక నిలబడింది.

ఒకరి వెనక ఒకరు లేచారు. వినోద్‌తో బోటులో ఉన్నవాళ్ళు లేచారు. చంటిబిడ్డల తల్లులు లేచారు. రోజారమణి స్తంభం పట్టుకుని లేచి, నడిచి వెళ్ళి అత్త పక్కన నిలబడింది. నాగులమ్మ ఆమె వైపు చూడకుండానే చెయ్యి పట్టుకుంది.

పైఊరి రైతులు చాలామంది కూర్చునే ఉన్నారు. కిషోర్ బాబు ఈసారి జాగ్రత్తపడి, “మీరు కూర్చున్నారంటే ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?” అని అడిగాడు.

“మేమా? మేం ఊరికే కూచోనుండాం అబ్బయా,” అన్నాడు ఒక రైతు. వరండా అంతా నవ్వింది. చెంగయ్య కూడా నవ్వాడు.

తీర్మానం నెల్లూరు వెళ్ళింది. ఇప్పుడు ఆ ఫైలులో ఒకే ఊరు పంపిన రెండు తీర్మానాలు ఉన్నాయి, ఒకదానికొకటి ఎదురుగా. ఏది చెల్లుతుందో తనిఖీ అయ్యాకే తేలుతుందని సాయిలక్ష్మి ఫోనులో చెప్పింది. సర్వేయరును తీసుకుని వస్తామనీ, ఏ ఇంటివాళ్ళు తమవాళ్ళను పూడ్చిన చోటు చూపిస్తే హద్దులు కొలుస్తామనీ అంది. రోజారమణి ఇంటింటికీ వెళ్ళి ఆ సంగతి చెప్పింది. అందరూ వస్తామన్నారు. ముసలివాళ్ళు గుర్తు తప్పకుండా ఉండాలని ముందే ఒకసారి తిప్ప మీదికి వెళ్ళి చూసుకుని వచ్చారు. ఇసుక కదిలే చోట ఇద్దరు అన్నదమ్ములు తల్లి ఎక్కడుందన్నదాని మీద వాదులాడుకుని, మళ్ళీ కలిసే దిగి వచ్చారు.

తర్వాత సాయిలక్ష్మికి బదిలీ అయింది. ఆమె కుర్చీలోకి వచ్చిన అధికారి ఫైలు చూస్తానన్నాడు. వానలు మొదలై, ఆగిపోయాయి. రోజారమణి రెండుసార్లు నెల్లూరు వెళ్ళి అడిగి వచ్చింది.

తిప్ప మీద హద్దులు కొలవడానికి ఇంకా ఎవరూ రాలేదు.